ముట్టుకోని పిడి

"ఊడిపోయిందత్తయ్యా," అంది కోడలు ఫోన్లో.

అత్తగారికి ఒక చెవి ఎప్పుడో పదవీ విరమణ చేసింది. రెండోది అప్పుడప్పుడూ సెలవు పెట్టినా ఇంకా పనిలోనే ఉంది. ఎంతమంది చెప్పినా ఆవిడ ఫోనును మాత్రం విరమించిన చెవికే ఆనించుకుంటారు. ఇటు కోడలేమో ఫోనును కారు పైకప్పు మీద పెట్టి, తలను కారు తలుపులో పెట్టి, నాలుగు మరలను పంటి కింద పెట్టి మాట్లాడుతోంది. ఆ మరలను దాటుకుని రావాల్సిన మాట సగం దారిలోనే మరలిపోతోంది.

"ఏంటమ్మా, విడిపోయావా?"

"ఆఁ, పూర్తిగా. ఇవాళ ఎలాగైనా తేల్చేద్దామని కూర్చున్నా."

"ఆదివారం పూటా?"

"ఆదివారం కాకపోతే నాకింకెప్పుడు కుదురుతుందత్తయ్యా."

"ఎన్నాళ్ళనుంచమ్మా ఇది?"

"ఏడాది కావొస్తోంది. లోపల ఎప్పుడో విరిగింది. పైకి మాత్రం బాగానే కనిపించేది."

"మావాడికి తెలుసా?"

"తెలియకేం. విరగ్గొట్టింది ఆయనేగా."

"అతకదా మరి?" అన్నారు అత్తగారు, గొంతు సగానికి సగం తగ్గించి.

"అతికిద్దామనే చూస్తున్నా. అతికినా మునుపటి బలం ఉండదుగా. ఉంటానత్తయ్యా, రెండు చేతులూ ఖాళీ లేవు."

ఊడింది కారు తలుపు పిడి. నడిపేవాళ్ళ వైపు తలుపుకు, బయట ఉండే పిడి. కానీ అత్తగారు ఆ పూట ఉన్నది రెండు వీధుల అవతల కూతురింట్లో, ఆవిడకు కనిపించేది కూతురి హాల్లో గడియారం తప్ప కారు కాదు. ఫోను కింద పెట్టి, "కోడలు విడిపోతానంటోందే," అన్నారు కూతురితో. "రెండు చేతులూ ఖాళీ లేవంట."

"పెట్టె సర్దుతోందన్నమాట," అంది కూతురు. "ఇన్నాళ్ళూ సర్దుకుపోయిన మనిషి ఇవాళ సర్దుకుని పోతోంది."

"నిన్ననే కదా నా కళ్ళజోడు ముక్కు సరిచేసి ఇచ్చింది," అన్నాడు అల్లుడు, ఆ కళ్ళజోడే పెట్టుకుని.

"అదే మరి. వెళ్ళిపోయేవాళ్ళే అలా చేతిలో పనులన్నీ ముగించేస్తారు."

ముగ్గురూ చెప్పులు వేసుకున్నారు. వాళ్ళు రెండు వీధులు నడిచివచ్చేలోగా ఆ పిడి సంగతి చెప్పుకోవాలి.

కోడల్ని వీధిలో అందరూ అద్దాలావిడ అంటారు. కళ్ళజోళ్ళ దుకాణంలో పని. అద్దాలు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం, వంగిన కాడలు సరిచేయడం, చీమ తలకాయంత మరలను చీమకు తెలియకుండా బిగించడం ఆమె విద్య. దుకాణం యజమాని కొనడానికి వచ్చినవాళ్ళ ముందు ఆమెను మనసారా మెచ్చుకుంటాడు. "ఈవిడకి చేతివాటం ఎక్కువండీ," అంటాడు. నేర్పు ఎక్కువని ఆయన ఉద్దేశం. విన్నవాళ్ళు మాత్రం సంచులు దగ్గరికి లాక్కుని కూర్చుంటారు. చేతివాటం అంటే చిల్లర దొంగతనమని ఆమె ఒకసారి విడిగా పిలిచి చెప్పింది. "మీరు మరీ ప్రతిదీ పట్టించుకుంటారండీ," అని నవ్వి, మర్నాడు మళ్ళీ అదే మాటతో మెచ్చుకున్నాడు.

కారు పాతది. వాళ్ళకంటే ముందు ఇద్దరి చేతులు మారింది. భర్త గోదాంలో సూపర్‌వైజరు, ఆయన్ని గోదాం వాళ్ళ వ్యానే వచ్చి తీసుకెళ్ళి దించుతుంది. పాపను బడికి, అత్తగారిని డాక్టరు దగ్గరికి, సరుకులను ఇంటికి, తనను దుకాణానికి చేర్చుకునే పని ఆమెది. అందుకని కాగితాల మీద కారు ఆయనది, రోడ్డు మీద ఆమెది. బండి ఒకరిది, బండచాకిరీ ఇంకొకరిది.

ఒక వానరోజు సాయంత్రం ఆయన తాళం తీయకుండానే ఆ పిడిని పట్టుకుని, మొండి దూడను పలుపు పట్టి లాగినట్టు లాగాడు. లోపల టక్‌మంది. ఆ తర్వాత ఎవరు లాగినా పిడి బుద్ధిగా బయటికి రావడం, తలుపు మాత్రం కదలకపోవడం. "ఇంత నాసిరకం పెట్టారేంటి," అన్నాడు ఆ రోజు. నెల తిరిగేసరికి ఆ మాట "నువ్వు రోజూ అలా గుంజుతుంటే విరగదా మరి"గా మారింది. ఆమె వాదించలేదు. ఆ ఇంట్లో మాటలకు కాళ్ళొస్తాయని, వచ్చిన ప్రతిసారీ అవి నడుచుకుంటూ తన దగ్గరికే వస్తాయని ఆమెకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది.

"ఆదివారం చూద్దాం," అన్నాడు. లోకంలో ఆదివారానికి ముందు శనివారం, వెనక సోమవారం ఉంటాయి. ఆయన ఆదివారానికి ఆదీ లేదు, అంతమూ లేదు.

ఆమె మెకానిక్కు దగ్గరికి వెళ్ళింది. "పాత మోడలు కదమ్మా, ఈ పిడి ఎక్కడో వెతికించాలి. సారుని ఒకసారి ఫోన్ చెయ్యమనండి," అన్నాడు. "సారెందుకు, నేనే చెప్తున్నాగా, వెతికించండి," అంది. "అహ, అది కాదు. సారు చెప్తే మాకూ ఒక క్లారిటీ ఉంటుంది." సారుకు ఫోన్ చేసే తీరిక దొరకలేదు. మెకానిక్కుకు క్లారిటీ రాలేదు.

అప్పటినుంచి ఆమె పక్కసీటు వైపునుంచి ఎక్కుతోంది. ముందు సంచి విసరాలి, తర్వాత ఒక మోకాలు సీటు మీద, ఒక చెయ్యి స్టీరింగు మీద, గేరు కర్ర దుస్తుల్లో ఇరుక్కోకుండా నడుం పైకెత్తి పాకాలి, చివరికి కూర్చున్నాక ఎవరూ చూడలేదని తనకు తాను చెప్పుకోవాలి. కిటికీ అద్దం దించి వదిలేస్తే బయటినుంచి చెయ్యి పెట్టి తీసుకోవచ్చు, నిజమే. కానీ అద్దం దించిన కారులో వానైనా దూరుతుంది, దొంగైనా దూరుతాడు. తనొక్కతే దూరితే చాలుననుకుంది. దుకాణం వెనక సందులో ఎవరైనా పక్కసీటు వైపు ఆనించి బండి పెడితే ఆ రోజు వెనక తలుపు నుంచి సీట్ల మధ్యగా ముందుకు రావాల్సిందే. ఒకరోజు అలా సగం దూరం వచ్చి ఇరుక్కున్నప్పుడు యజమాని టీ తాగుతూ చూశాడు. "మీకేమండీ, ఎటునుంచైనా దూరిపోతారు," అన్నాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే పట్టించుకుంటుందంటారు.

ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా వెళ్ళేటప్పుడు కారు నడిపేది ఆయన. ఆయన పాకడు. నిజానికి పాకనని ఆయన ఎప్పుడూ అననూ లేదు, తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడేవాడంతే. ఆమె పక్కనుంచి ఎక్కి, పాకి వెళ్ళి, లోపలి మీట తీసి ఆయనకు తలుపు తెరిచి, మళ్ళీ వెనక్కి పాకి పక్కసీట్లో కూర్చునేది. ఆయన కూర్చుని, అద్దం సరిచేసుకుని, "బెల్టు పెట్టుకో," అనేవాడు.

ఇంతకీ ఆ పిడిని బాగుచేయడం ఆమెకు రాక కాదు. అది విరిగిన చప్పుడు విన్న క్షణానే, లోపల ఏది విరిగుంటుందో, ఏం పెడితే నిలుస్తుందో ఆమెకు తెలుసు. ఒక మధ్యాహ్నం పని. కళ్ళజోడు కాడకు, కారు పిడికి పెద్ద తేడా లేదు, రెండూ ఒక చిన్న చెవి మీద తిరుగుతాయి, ఆ చెవి విరిగితే ఆగిపోతాయి. ఆమె చేయలేదంటే దానికి వేరే కారణం ఉంది.

ఆ ఇంట్లో ఎక్కడా రాసిపెట్టని చట్టం ఒకటుంది. ఏ పనిని ఎవరు మొదట ముట్టుకుంటే ఆ పని చచ్చేదాకా వాళ్ళది. ఎవరూ చేసిన చట్టం కాదు, అందుకే ఎవరూ మార్చలేరు. కాపురానికి వచ్చిన కొత్తలో వంటింటి కుళాయి కారుతుంటే, చప్పుడుకు నిద్రపట్టక ఆమె లేచి వాషరు మార్చింది. ఆ రోజునుంచి ఇంట్లో కుళాయిలన్నీ ఆమెవి. అత్తగారికి నడుం పట్టేసినప్పుడు ఒకసారి కాలిగోళ్ళు తీసింది. నడుం వదిలేసింది, గోళ్ళు వదల్లేదు. మామగారు పోయినప్పుడు బ్యాంకు పనులు ఎవరు చూస్తారని అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే "పోనీ నేను వెళ్తాను" అంది. పోనీ అన్న పాపానికి ఇప్పటికీ పోతూనే ఉంది. ముట్టుకుంటే అంటుకునే పనులు, అంటుకుంటే వదలని పనులు. వాళ్ళాయనకు మాత్రం ఏ పనినీ ముట్టుకోకుండా దాని పక్కనుంచి నడిచి వెళ్ళే విద్య పుట్టుకతో వచ్చింది. ఒకసారి హాల్లో బల్బు మార్చాడు. చుట్టాలు వస్తే ఇప్పటికీ ఆ బల్బు కింద కూర్చోబెట్టి ఆ కథ చెబుతారు.

అందుకని పిడి విరిగిన రోజు ఆమె ఒక మాట అనుకుంది. దీన్ని మాత్రం నేను ముట్టుకోను. పెద్ద శపథమేమీ కాదు, చేతులు కడుక్కుంటూ అనుకున్న మాట. ఇంట్లో వంద పనుల్లో ఇది ఒక్కటి నాది కాకుండా ఉండనీ. ఎవరు ముట్టుకుంటారో చూద్దాం. అడగను, గుర్తుచేయను, పాకుతాను. రోజూ కళ్ళెదుట పాకుతున్న మనిషిని ఎవరో ఒకరు ఒకరోజు చూసి, అరే, ఇదేంటి, అంటారు. ఆ ఒక్క మాట అంటే చాలు, ఆ తర్వాత తనే బాగుచేసుకుంటుంది కూడా. అది ఆమె సమ్మె. జెండాలు లేవు, నినాదాలు లేవు, గేటు ముందు కూర్చోవడం లేదు. సమ్మె చేస్తున్నది ఒక్కతే, సమ్మె జరుగుతోందన్న సంగతి యాజమాన్యానికి తెలియదు. వేసవిలో సీటు కాలి మోకాలు బొబ్బెక్కింది, వానల్లో సంచితో పాటు తను కూడా బురదయింది, ఒకరోజు గేరు కర్రకు తట్టుకుని దుస్తుల అంచు చిరిగితే దుకాణంలో రోజంతా ఆ చిరుగును చేత్తో మూసుకుని పనిచేసింది. సాయంత్రం ఆ చిరుగును కుడుతుంటే భర్త చూసి, "చూసి నడవొచ్చుగా," అన్నాడు. నడవడం లేదండీ పాకుతున్నాను, అనాలని నోటిదాకా వచ్చింది. అంటే అడిగినట్టవుతుంది. అడిగితే సమ్మె ఓడినట్టే. సూది మింగినట్టు ఆ మాట మింగింది.

ఇవాళ పొద్దున సమ్మె ఓడిపోయింది. ఓడించింది యాజమాన్యం కాదు.

పాప ఇంకా అక్షరాలు దిద్దే వయసులో ఉంది. పొద్దున హాల్లో రెండు ముక్కాలిపీటలు పక్కపక్కన వేసి, మధ్యలో అప్పడాల కర్రలాంటిది ఏదో నిలబెట్టి, బొమ్మను వెనక కూర్చోబెట్టి కారాట మొదలుపెట్టింది. ఆమె తడిగుడ్డతో నేల తుడుస్తూ చూస్తోంది. డ్రైవరు పీట పాప పక్కనే ఉంది, అడుగు తీసి కూర్చుంటే చాలు. పాప అలా కూర్చోలేదు. చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళి, ఆ పీట మీద మోకాలు పెట్టి, నడుం పైకెత్తి, కర్ర తగలకుండా జాగ్రత్తగా పాకి ఇటు వచ్చి కూర్చుంది. తర్వాత గౌను సరిచేసుకుని, ఎవరైనా చూశారా అన్నట్టు ఒకసారి అటూ ఇటూ చూసింది. ఆ చూపు కూడా నేర్చుకుంది.

"ఇటునుంచే కూర్చోవచ్చుగా కన్నా," అంది ఆమె.

"ఇటునుంచి నాన్నలు ఎక్కుతారు," అంది పాప. తల్లికి తెలియనిది చెప్పాల్సి వచ్చినందుకు కాస్త విసుగ్గా. "అమ్మలు అటునుంచి పాకాలి. పాకి, నాన్నలకి తీయాలి."

ఆమె చేతిలో గుడ్డ అక్కడే ఆగింది. తను నిరసన అనుకున్నదాన్ని పాప నియమం అనుకుంది. ఏడాదిపాటు నోరెత్తకుండా నడిపిన సమ్మెను చూసింది ఇంట్లో ఒకే ఒక్క మనిషి. ఆ మనిషి దాన్ని పాఠంగా నేర్చుకుంది. తను ముట్టుకోకపోతే పాపకు పాకడం వస్తుంది. ముట్టుకుంటే, విరిగినవన్నీ అమ్మలే అతకాలని వస్తుంది. ఏ వైపునుంచి ఎక్కినా అదే సీటు. తుడిచిన నేల ఆరేదాకా ఆమె ఈ రెండింటిలో ఏది తక్కువ చెడ్డదో ఆలోచించింది. పాకడం కంటే అతకడం కాస్త నయమనిపించింది, కనీసం నిలబడి చేసే పని. భోజనాలయ్యాక ఆయన పడుకున్నాడు. పాప బొమ్మను పడుకోబెడుతోంది. ఆమె దుకాణం నుంచి తెచ్చుకున్న పనిముట్ల పెట్టె పట్టుకుని బయటికి వచ్చింది.

తలుపు లోపలి అట్టకున్న మరలు విప్పి పంటికింద పెట్టుకుంది. అట్ట వెనక దుమ్ము, ఎవరో పాత యజమాని పిల్లలు కిటికీ సందులో వదిలిన ఒక నాణెం, తుప్పు. లోపలికి చెయ్యి పెట్టి రెండు నట్లు తిప్పితే పిడి బయటికి ఊడి చేతిలోకి వచ్చింది. అత్తగారి ఫోను అప్పుడే వచ్చింది. పిడి వెనక రెండు చెవులున్నాయి, ఒకటి మొదలంటా విరిగింది. ఇంట్లో ఒక చెవి పనిచేయనివాళ్ళు ఇద్దరయ్యారనుకుని ఆమె ఫోను పెట్టేశాక కాస్త నవ్వుకుంది. విరిగిన చోట గరుకు కాగితంతో రుద్ది, స్పిరిటుతో తుడిచి, చెవికి మొండానికి కలిపి సన్నటి రంధ్రం చేసింది. పారేసిన కళ్ళజోడు కాడలోంచి తీసిన ఉక్కు తీగను మేకులా అందులోకి దింపింది. రెండు గొట్టాల జిగురు కలిపి పట్టించి, వెనకనుంచి విరిగిన స్టీలు స్కేలు ముక్కను కోసి ఆసరాగా బిగించింది. మళ్ళీ ఎవరైనా దూడను లాగినట్టు లాగితే ముందు తలుపు ఊడాలి తప్ప ఈ చెవి ఊడదు. చేస్తున్నంతసేపూ చేతులకు బాగానే ఉంది. చేతులు ఎప్పుడూ మనసు మాట వినవు, మంచి పని దొరికితే సంతోషిస్తాయి. ఆ సంతోషం చూస్తే ఆమెకు చేతుల మీద కోపం వచ్చింది. ఊడింది పిడి. ఊడనిది ఊడిగం.

వీధి మలుపులో ముగ్గురూ కనిపించింది అప్పుడే. ముందు వదిన, వెనక అత్తగారు, ఆ వెనక కళ్ళజోడు సరిచేసుకుంటూ అన్నయ్యగారు. ఎండలో ఆదరాబాదరాగా వస్తున్నారు. ఆమె లేవబోయింది.

"కూర్చోమ్మా, కూర్చో," అంది వదిన. ఆ ఇంట్లో ఆ మాట ఆమె వినడం అదే మొదటిసారి. "అయ్యో, నేలమీద ఏంటి. ఏవండీ, లోపల్నించి కుర్చీ పట్టుకురండి."

అన్నయ్యగారు కుర్చీ తెచ్చారు. అత్తగారు పక్కన చతికిలబడి, జిగురూ గ్రీజూ అంటిన ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నారు. వదిన లోపలికి వెళ్ళింది. వంటింట్లో డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు, చక్కెర ఎక్కడుందో దొరకని చప్పుడు, చివరికి టీ వాసన. ఆమె అలాగే కూర్చుండిపోయింది. ఇదంతా ఎందుకో ఆమెకు అర్థమైంది. అంటే, అర్థమైందనుకుంది. అత్తయ్యకు ఫోన్లో చెప్పిందిగా, ఊడిపోయిందని, ఏడాదయిందని. అది విని ఒక పిడి కోసం ముగ్గురు మనుషులు ఎండలో పరిగెత్తుకొచ్చారు. సమ్మె విరమించిన మధ్యాహ్నమే సమ్మె కనబడింది వాళ్ళకి. కాస్త ఆలస్యం, అంతే.

"ఏడాదిగా భరించావా అమ్మాయ్, ఒక్క మాటైనా అనకుండా," అన్నారు అత్తగారు.

"ఎవరైనా చూస్తారేమోననుకున్నానత్తయ్యా. రోజూ అందరి ముందే కదా."

"చూశానమ్మా. చూడలేదని అబద్ధమెందుకు. చూసి, నీకది అలవాటైపోయిందిలే అనుకున్నా."

"అలవాటు కాలేదత్తయ్యా. మోకాళ్ళు నొప్పి. సిగ్గు. పాప కూడా నేర్చేసుకుంటోంది, ఇవాళ పొద్దున చూశాను. అందుకే ఇంక ఆగలేకపోయా."

వదిన టీ తెచ్చి చేతికిచ్చింది. చక్కెర లేదు. వేరొకరు కాచిన టీ తాగి ఎంతకాలమైందో ఆమెకు గుర్తురాలేదు. అత్తగారు వీధివైపు చూస్తూ, ఎప్పుడూ మాట్లాడని గొంతుతో మాట్లాడారు.

"నేనూ ఒకసారి బయల్దేరాను. దీన్ని చంకనెత్తుకుని," అని కూతుర్ని చూపించారు. "మీ మామగారు ఏమన్నారో ఇప్పుడు గుర్తులేదు, చిన్న మాటే. పెట్టె తీసుకుని గుమ్మందాకా వచ్చా. పొయ్యి మీద పాలు పెట్టినట్టు గుర్తొచ్చింది. పొంగిపోతాయి కదా, దించేసి వెళ్దామని లోపలికి వెళ్ళా." వంటింటి వైపు చూశారు. "దించాక, చల్లారితే తోడు పెట్టాలి కదా అనిపించింది."

చేతిలో చెయ్యి అలాగే ఉంది. అత్తయ్య పాల సంగతి ఎందుకు చెబుతున్నారో ఆమెకు పూర్తిగా అందలేదు. అందకపోయినా, అందులో ఏదో తనదే ఉన్నట్టనిపించి ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. పెళ్ళయ్యాక ఆ ఇంటి మనుషుల్లో ఒకరిని పట్టుకుని కూర్చోవడం ఇదే మొదలు.

మాటల చప్పుడుకు నిద్రలేచి ఆయన బయటికి వచ్చాడు. దిండు అచ్చు చెంప మీద ఉంది. కుర్చీలో భార్య, నేలమీద తల్లి, వంటింటి గుడ్డతో అక్క. చూసి, "ఏమైంది," అన్నాడు.

"నీ పెళ్ళాం విడిపోతానంటుంటే గురకపెట్టి పడుకుంటావట్రా," అంది వదిన.

ఆయన మొహంలో రంగు దిగిపోయింది. "విడిపోవడమా," అన్నాడు. భార్యవైపు తిరిగి, "ఎందుకు?" అన్నాడు. అడిగి, ఆగాడు. అడగడం ఆయనకు అలవాటే, ఎక్కడుంది, ఎప్పుడవుతుంది, ఏమైంది అని అడుగుతూనే ఉంటాడు. అడిగి ఆగడం మాత్రం ఆమె ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు అర్థమైంది ఆమెకు, ఈసారి నిజంగా. వాళ్ళు పిడి కోసం రాలేదు. కుర్చీ పిడికి వేసింది కాదు, టీ పిడికి పెట్టింది కాదు, పాల కథ పిడికి చెప్పింది కాదు. పాకడం ఎవరూ చూడలేదు. ఆమె అనని మాట ఒకటి వినబడి వచ్చారు. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. ఇంత నిశ్శబ్దం ఆ ఇంట్లో ఆమెకోసం ఎప్పుడూ కాచుకుని లేదు. ఇప్పుడు చెప్పవచ్చు. ఏం చెప్పాలి. కుళాయిలు, కాలిగోళ్ళు, బ్యాంకు, చేతివాటం, గేరు కర్రకు చిరిగిన అంచు, బెల్టు పెట్టుకో. విడివిడిగా చూస్తే ఒక్కటీ విడిపోయేంత పెద్దది కాదు. కలిపి చూపించాలంటే అన్నీ కలిపి పట్టుకునే పిడి ఏదీ ఆమె దగ్గర లేదు. చెప్పడం మొదలుపెడితే మొదటి మాటకే, అంతేనా, అంటారు. విడిపోయి ఎక్కడికి వెళ్ళాలన్నా పాపను, సంచిని ఇదే కారులో వేసుకుని వెళ్ళాలి, జిగురు ఆరేదాకా పక్కసీటు నుంచే పాకి ఎక్కాలి.

"విడిపోవడం కాదు," అంది. ఒళ్ళోని పిడిని అందరికీ కనబడేలా ఎత్తింది. "ఊడిపోయింది అన్నాను అత్తయ్యా. తలుపు పిడి. ఇదిగో. నోట్లో మరలున్నాయి, సరిగ్గా వినబడి ఉండదు."

అందరూ ఆ పిడివైపు చూశారు. ముందు అన్నయ్యగారు నవ్వారు. తర్వాత వదిన, పొట్ట పట్టుకుని. "ఊడిపోయింది, విడిపోయింది. అమ్మా, నీ చెవి మా ప్రాణాల మీదికి తెచ్చింది కదే." అత్తగారు కూడా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆమె చేతిని వదిలేసి, తన చేతికంటిన గ్రీజును పక్కనున్న గుడ్డకు తుడుచుకున్నారు. పాల సంగతి ఎవరైనా గుర్తుపెట్టుకున్నారేమోనని కూతురివైపు ఒకసారి చూశారు.

"బాగా బిగించావే," అన్నారు అన్నయ్యగారు పిడిని అటూ ఇటూ తిప్పి. "మా బండి డిక్కీ తాళం కూడా ఇలాగే తిప్పలు పెడుతోంది. వచ్చే ఆదివారం తీసుకొస్తా, ఒకసారి చూద్దువుగాని."

"మా బీరువా పిడి కూడా," అంది వదిన. టీ గ్లాసులు పోగుచేసి ఆమె పక్కన పెట్టింది. "ఇవెక్కడ పెట్టాలో నీకే తెలుసు."

భర్త గుండె మీద చెయ్యి వేసుకుని మెట్టు మీద కూర్చున్నాడు. మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. "హడలగొట్టేశారు," అన్నాడు. "అయినా ఇంత పనితనం ఉన్నదానివి, ఏడాదిపాటు ఆ పాకడం ఎందుకు? ముందే చేసేసుకోవచ్చుగా."

అది అడగాల్సిన ప్రశ్నే. ఏడాది ఆలస్యంగా, నవ్వులో నంజుకుని అడిగాడు. ఆమె గ్లాసులు చేతిలోకి తీసుకుంది. మళ్ళీ కింద పెట్టింది.

"ముట్టుకుంటే నాదైపోతుందని," అంది.

"ఏంటమ్మా?" అన్నారు అత్తగారు, పనిచేసే చెవి ఇటు తిప్పి.

ఆమె ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్క మాటే పలికింది. "ఈ పని అత్తయ్యా. ముట్టుకుంటే ఇదీ నాదైపోతుంది. ముట్టుకోకపోతే నాది కాకుండా ఉంటుందేమోనని చూశాను."

అత్తగారికి ప్రతి అక్షరం సరిగ్గా వినబడింది. ఆవిడ కోడలి చెంప నిమిరారు, చాలా ప్రేమగా.

"ఓసి పిచ్చిదానా, ముట్టుకోకపోయినా నీదేనమ్మా," అని అందరికీ వినబడేలా విడమరిచి చెప్పారు.